ఏడో నంబరు ఫర్

నాగాయలంక
18 ఆగస్టు 2025

పెదనాన్నగారికి,

సింధూరి నమస్కారాలు. మీకు ఫోన్ చేస్తే నేనొక్కదాన్నే మాట్లాడుకోవాలి, అందుకని ఉత్తరం రాస్తున్నాను. పైగా మీ దగ్గర నుంచి నాకు కావలసినవి ఫోన్లో వచ్చే వస్తువులు కావు.

మార్చిలో మీ గొంతు ఆపరేషనప్పుడు ఆసుపత్రిలో చూసిందే మిమ్మల్ని. ఆ తర్వాత మే నెలలో నేను హైదరాబాద్ ఆఫీసులో ఆరు నెలలు జీతం లేని సెలవు పెట్టి ఇక్కడికొచ్చి కూర్చున్నానని బాబీ అన్నయ్య చెప్పే ఉంటాడు, తన పద్ధతిలో. ఇప్పుడు నా పద్ధతిలో వినండి.

పండుగప్ప చేప కోసం ఎక్కడెక్కడి నుంచో జనం నాగాయలంక వస్తారు. సత్యం గారని ఇక్కడ ఒకాయన వాళ్ళని తన పడవలో ఏట్లోకి తీసుకెళ్తారు. ఆయన ఇంట్లోనే ఒక గది నాకిచ్చారు. వచ్చేవాళ్ళు వానపామో రొయ్యో గుచ్చి పట్టరు, దొంగ ఎరతో పడతారు. అందులో ఒక రకం జిగ్. సీసం తలకాయ ఉన్న గాలం, దాని మెడ చుట్టూ వెంట్రుకలు పెట్టి దారంతో బిగించి కడితే నీళ్ళలో చిన్న చేపలా కదులుతుంది. ఆ కట్టడం నేను నేర్చుకున్నాను. దారం మన పెడన మగ్గాల కండె మీదే చుట్టుకుంటున్నాను, అది చూసి మీరు నవ్వుకోవచ్చు.

చెన్నైలో పాల్ గారని ఈ సామాను అమ్మే ఆయన నా జిగ్గులు చూసి, అక్టోబరు మొదటి వారానికి పన్నెండు శాంపిళ్ళు పంపమన్నారు. నచ్చితే ఏడాది పొడవునా నా దగ్గరే తీసుకుంటారు. నచ్చకపోతే నవంబరు పదిహేడున నేను మళ్ళీ హైదరాబాద్‌లో ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీ తలుచుకుంటే నాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇన్నాళ్ళూ మేక తోక వెంట్రుక వాడాను. నాలుగు రోజులకి కంపు కొడుతుంది, ఒక్కో మేకది ఒక్కో పొడవు. పాల్ గారికి పన్నెండూ ఒక్కలాగే ఉండాలి. అందుకే బొచ్చు పోగులుండే ఫర్ గుడ్డ కావాలి, మీ కొట్లో ఉన్న రకాలన్నీ అగ్గిపెట్టెంత ముక్కలు. కత్తెర పెట్టకండి. తిరగేసి వెనక గుడ్డని మాత్రం బ్లేడుతో కొయ్యండి. కత్తెర పెడితే పోగుల కొసలు తెగిపోతాయి, నాకు పనికొచ్చేవి ఆ కొసలే.

ఇంటర్ రెండేళ్ళూ మీ కొట్టు మీది గదిలో ఉండి చదువుకున్న
సింధూరి


విజయవాడ వన్ టౌన్
25 ఆగస్టు

అమ్మాయ్ సింధూరీ,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం నాకంటే ముందు మీ పెద్దమ్మ చదివింది. నేత పని చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల చేపల గాలాలు కడుతోందంటే చుట్టాలందరికీ సంజాయిషీ ఇచ్చుకోవాలట. అందుకని నువ్వు ఫర్‌తో బొమ్మలు కుడుతున్నావని అందరికీ చెప్పేసింది. వాళ్ళ చెల్లెలి మనవరాలికి కుందేలు కావాలట. నీ ఇష్టం, నువ్వే తేల్చుకో.

అయిదు రకాలు పంపుతున్నాను. ఆ గులాబీ రంగుది చూడు, సూరత్ నుంచి కొత్తగా దిగింది, వెన్నే. అరచేత్తో కాదు, చేతి వెనకవైపు ఆనించి చూడు. అరచేయి ఏ గుడ్డనైనా మెచ్చుకుంటుంది. నీకు చిన్నప్పుడే చెప్పాను. చేపలకి మెత్తదనం తెలుస్తుందో లేదో గానీ నా కొట్లోంచి వెళ్ళే సరుకు మెత్తగానే వెళ్ళాలి.

నా సంగతి ఏముంది. బాబీ ఒక పలక కొనిచ్చాడు, రాసి మీట నొక్కితే చెరిగిపోతుంది. నేను 'నమస్కారం, కూర్చోండి' అని రాసేలోపు వచ్చినవాళ్ళు పక్క కొట్టుకి వెళ్ళిపోతున్నారు. నలభై ఏళ్ళు ఈ నోటితో గుడ్డ అమ్మాను. ఇప్పుడు బాబీ గల్లాపెట్టె పక్కన ఓ మూల కూర్చోమంటాడు, అక్కడ కూర్చోలేను. కొట్టుకీ గోడౌన్‌కీ రోజుకి ఇరవైసార్లు తిరుగుతున్నాను. తోపుడు బళ్ళవాళ్ళు నేను దారిలో కనబడితే వాళ్ళే ఆగుతున్నారు, 'తప్పుకో' అని నేను అరవలేనని వాళ్ళకీ తెలిసిపోయింది.

అన్నం వేళకి తింటున్నావా? చేపలు పట్టేవాళ్ళతో పాటు నువ్వు కూడా తినడం మొదలుపెట్టావా అని పెద్దమ్మ అడగమంది. నేను అడగడం లేదు.

రామకోటేశ్వరరావు


నాగాయలంక
1 సెప్టెంబరు

పెదనాన్నగారికి నమస్కారాలు.

అయిదూ అందాయి. నిజం చెబితే కోప్పడకండి. ఒక్కటీ పనికిరాలేదు.

గులాబీ రంగుది బకెట్లో ముంచగానే పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెన్సిలంత సన్నమైపోయింది. పైకి తీస్తే తడిసిన పిల్లి తోక. తెల్లదానికి అడుగున నూగు మరీ ఎక్కువ, ఆ నూగు నిండా నీళ్ళు తాగి బరువెక్కి, విసిరితే పదడుగులు కూడా పోలేదు. కొంచెం దువ్వెనతో దువ్వి నూగు తీసి చూశాను, తీరా చూస్తే పైన ఏమీ మిగల్లేదు. మిగతావి మెరుపు కోసం పూసిన పూతవల్ల కాసేపు మునగనే లేదు.

మీ దగ్గర మెత్తవి కాకుండా మొండివి ఉంటే పంపండి. పోగు పొడవుగా, కాస్త వంకరగా, బిరుసుగా ఉండాలి. వంకర ఉంటే పోగూ పోగూ ఎడంగా నిలబడతాయి. నీళ్ళు దులిపితే దులిపినట్టే పోవాలి. మీరు గాజుగ్లాసులో నీళ్ళు పోసి ముక్క ముంచి చూస్తే మీకే తెలుస్తుంది. ఎండలో చూసి రంగు ఎంచకండి, ఇక్కడ ఏరు వరదతో టీ రంగులో ఉంది, అందులో ఏ రంగు వేసినా నలుపో తెలుపో అంతే.

కుందేలు కుట్టడం నాకు రాదు. పెద్దమ్మకి మీరే చెప్పండి, రాసి.

సెలవు ఇంకా డెబ్బై ఏడు రోజులు ఉంది. పొద్దున్నే లేచి గోడ మీద గీత కొడుతున్నాను. సత్యం గారి భార్య రావమ్మ గారు చూసి, సున్నం వేయించే ఖర్చు నువ్వే పెట్టుకోవాలి అంటున్నారు.

సింధూరి


విజయవాడ
9 సెప్టెంబరు

అమ్మాయ్ సింధూరీ,

నలభై ఏళ్ళలో నా సరుకు పనికిరాదన్నవాళ్ళలో నువ్వు రెండోదానివి. మొదటి ఆయన అప్పు ఎగ్గొట్టడానికన్నాడు. కోపం రాలేదని రాయను, వచ్చింది. రెండు రోజులు జవాబు రాయకుండా కూర్చున్నాను. మూడో రోజు మీ పెద్దమ్మ మంచినీళ్ళ గ్లాసు తీసుకుని గోడౌన్‌లోకి వెళ్ళాను. ఆవిడ ఇప్పుడు ఆ గ్లాసు ముట్టడం లేదు.

నువ్వు చెప్పినట్టే అయింది. గులాబీది చచ్చిన ఎలక లాగా అడుక్కి దిగింది. నేను చూడలేక తీసేశాను.

ఎనిమిది ముక్కలు, నంబర్లు వేసి పంపుతున్నాను. ఏడోది పంపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆరేళ్ళ కిందటి తాను, ముదురు గోధుమరంగు, ఎవరికీ వద్దు, ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. దసరాలకి అమ్మవారి సింహాలకి జూలు పెట్టడానికి దుర్గాశంకర్ అనే విగ్రహాల ఆయన ఏడాదికి ఓ మీటరు పట్టుకెళ్తాడు, అంతే. మొండిది కావాలన్నావు కదా, ఇంతకన్నా మొండిది విజయవాడలో దొరకదు. సిగ్గుపడుతూనే పంపుతున్నాను.

పెదనాన్న


నాగాయలంక
14 సెప్టెంబరు

పెదనాన్నా,

ఏడో నంబరు. అదే.

ముందు నూగు దువ్వేశాను, తక్కువే ఉంది. మెడ దగ్గర కొంచెం కొంచెంగా పెట్టి మూడు దఫాలుగా కట్టాను. బకెట్లో ముంచితే పోగులు విడివిడిగా నిలబడ్డాయి. దారం కొంచెం లాగితే వెనక్కి సర్దుకున్నాయి, వదిలితే మళ్ళీ విచ్చుకున్నాయి. అచ్చం ఊపిరి తీసుకుంటున్నట్టు. సత్యం గారు బకెట్ దగ్గర గొంతుక్కూచుని పావుగంట చూసి, "ఇది బతికుందమ్మా" అన్నారు. సాయంత్రం ఏట్లో వేస్తే ఒక చేప కొట్టి వదిలేసింది కూడా. మీ చెత్త తాను ముందు చెన్నై సరుకు దిగదుడుపే.

రెండు మీటర్లు పంపండి. ఏడోదే కావాలి, అలాంటిది కాదు. మిగతాది ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టండి, పాల్ గారు ఊఁ అంటే మొత్తం నాకే కావాలి. శాంపిళ్ళు అక్టోబరు ఒకటికి ఇక్కడ నుంచి బయల్దేరాలి. ఒక్కోటి కట్టడానికి నాకు గంటన్నర పడుతోంది.

నాకు సంతోషంగా ఉంది పెదనాన్నా. మే నెల తర్వాత ఇవాళే కడుపునిండా తిన్నాను.

సింధూరి


విజయవాడ
22 సెప్టెంబరు

సింధూరీ,

ఆలస్యమైంది. ఇవాళ్టి నుంచి దసరాలు, కొట్టు ముందు నడవడానికి చోటు లేదు, కొండకి వెళ్ళే జనమూ బళ్ళూ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. బస్సు పార్సిల్లో వేస్తున్నాను, రెండు మీటర్లు. ఏడో నంబరే. నీ కోసం చూసి మరీ తీశాను. చేతికి కూడా బాగుంటుంది. జాగ్రత్తగా కట్టుకో. పెద్దమ్మ పులిహోర పొడి పెట్టింది.

పెదనాన్న


నాగాయలంక
24 సెప్టెంబరు

పెదనాన్నగారికి నమస్కారాలు.

పార్సిల్ అందింది. ఒక్క మాట. ఇది మీరు ముందు పంపిన ముక్క కంటే మెత్తగా ఉంది. రంగు అదే. గోడౌన్‌లో పైన దుమ్ము పట్టిన పొరలోంచి ఆ ముక్క తీసి, ఇప్పుడు లోపలి పొరలోంచి తీస్తే ఇలా ఉంటుందా? ఇది అదే తానా?

ముంచి చూద్దామంటే వారం రోజుల్లో పన్నెండు కట్టాలి. మీరు అదే అంటే నాకు చాలు, కట్టేస్తాను. వెంటనే రాయండి.

సింధూరి


విజయవాడ
26 సెప్టెంబరు

సింధూరీ,

అదే. కట్టు.

పెదనాన్న


నాగాయలంక
11 అక్టోబరు

పెదనాన్నగారికి,

పాల్ గారి దగ్గర నుంచి జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. నీళ్ళలో పడగానే బొచ్చంతా ముద్దైపోయిందట, లాగితే కదలిక లేదట. 'జూలైలో నేను చూసింది ఈ చేతి పనేనా' అని అడిగారు. ఆ ఒక్క మాట నాకు మింగుడు పడటం లేదు.

తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. నా వేళ్ళలో. తొందరలో ఒకేసారి ఎక్కువ పెట్టి కట్టి ఉంటాను, దారం మరీ బిగించి ఉంటాను. బిగుతు పట్టు తెలియనివాడు మగ్గం ఎక్కకూడదని నాన్న అనేవాడు. వారం నుంచి కట్టి విప్పి కట్టి విప్పి చూస్తున్నాను, ఎలా కట్టినా ముద్దే. మొదటి రోజు ఎలా వచ్చిందో ఆ చెయ్యి మళ్ళీ రావడం లేదు. అది గాలివాటున వచ్చిందన్నమాట.

నవంబరు తొమ్మిదో తేదీ ఆదివారం పాల్ గారు సత్యం గారి పడవలో చేపలకి వస్తున్నారు. ఈలోగా సరిచేస్తే అప్పుడు చూపించమన్నారు. నేను చూపించను. హైదరాబాద్ ఆఫీసుకి రాశాను, పదిహేడున చేరుతున్నానని.

మీరు కూడా రెండు వారాలుగా ఏమీ రాయలేదు. ఇదంతా పిల్లచేష్టలని మొదట్నుంచీ మీకనిపించి ఉంటుంది, మొహమాటానికి పంపారు. ఇక పంపకండి. పెద్దమ్మని చుట్టాలకి బొమ్మలు కుట్టడం మానేసిందని చెప్పమనండి.

సింధూరి


విజయవాడ
16 అక్టోబరు

సింధూరీ,

నీ వేళ్ళని ఏమీ అనకు. తప్పు నీది కాదు. నేను పంపింది ఏడో నంబరు కాదు.

ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇప్పుడు మొదటి మాట రాసేశాను కాబట్టి మిగతాది రాయగలను.

నువ్వు రెండు మీటర్లు అడిగిన ఉత్తరం వచ్చిన రోజునే, ఇంకా దాన్ని చదువుతూనే ఉన్నాను, దుర్గాశంకర్ వచ్చాడు. ఈ ఏడు ఆయనకి ఆరు పందిళ్ళ సింహాలు. బాబీ ఏడో తాను గోడౌన్‌లోంచి మొత్తం తెప్పించి, జనం అవతల నుంచి నావైపు తిరిగి, "నాన్నా, ఈ పాత సరుకు మొత్తం ఇచ్చేస్తున్నా" అన్నాడు. ఆగమని చెయ్యి ఎత్తాను. కానిమ్మన్నానని వాడనుకున్నాడు. నా ముందు పదిమంది ఆడవాళ్ళు, చీరల కుప్పలు. బల్ల మీద చరిచాను. అటు పక్కన టీవీలో పూజ వస్తోంది, ఎవరూ చూడలేదు. పలక మీద 'వద్దు' అని రాసి ఎత్తేసరికి ఆటో కదిలిపోయింది. ఒకప్పుడు నేను దగ్గితే ఆ కొట్లో అందరూ చేతులు కట్టుకునేవాళ్ళమ్మా.

వెంటనే బాబీకి చెప్పి ఉండవచ్చు. తాను మీద నీ పేరు రాసి చీటీ గుచ్చితే సరిపోయేది కదా అంటాడు, అది నిజం. ఆ నిజం వాడి నోట వినలేకపోయాను. నా కొట్లో నా మాట చెల్లలేదని నీకు రాయడానికి అంతకన్నా చేతకాలేదు.

గోడౌన్‌లోకి వెళ్ళాను. అదే రంగులో మూడో నంబరు ఉంది. మూడింతల రేటు, పట్టులాగా ఉంటుంది. మా వ్యాపారంలో అడిగింది లేకపోతే అదే ధరకి అంతకన్నా మేలైంది ఇస్తాం, అది మర్యాద. మంచిది ఎందుకిచ్చావని వెనక్కి వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆ ధైర్యంతో పంపాను. గ్లాసు నీళ్ళు అక్కడే ఉన్నాయి. ముంచలేదు. ముంచితే పంపలేనని తెలిసే ముంచలేదనుకుంటాను. నువ్వు అదేనా అని అడిగావు. 'అదే' అని రాశాను. ఆ రెండక్షరాలు రాసినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు.

పండగ అయ్యాక దుర్గాశంకర్ షెడ్డుకి వెళ్ళాను, భవానీపురం అవతల. ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాడు, పలక మీద నేను రాసింది చదవలేడు. ఏం చేయను, మెడ చుట్టూ చేతులు తిప్పి, గోళ్ళు చూపించి, సింహంలా నోరు తెరిచాను. ఆ పక్కన రంగులు కలుపుతున్నవాళ్ళు పని ఆపి చూశారు. పాపం, ఆయన నాకు మంచినీళ్ళు తెమ్మన్నాడు. చివరికి నేనే షెడ్డులోకి వెళ్ళి చూపించాను.

నాలుగు సింహాలు నిమజ్జనంలో జూలుతో సహా పోయాయి. రెండు మాత్రం చట్రాలు మళ్ళీ వాడుకోవాలని వెనక్కి తెచ్చాడు. పెరట్లో వానలో పడి ఉన్నాయి. పదిరోజుల వాన. ఆ జూలు నేను చేత్తో దులిపాను సింధూరీ. నీళ్ళన్నీ పోయి ఎక్కడికక్కడ లేచి నిలబడింది. నా చేతి గుండా లక్షల మీటర్లు వెళ్ళి ఉంటాయి, ఒక్క గుడ్డనీ తడిపి చూసిన పాపాన పోలేదు.

రెండు జూళ్ళూ ఊడదీయించి తెచ్చాను. కుదుళ్ళకి జిగురు, తళుకులు ఉన్నాయి, మీ పెద్దమ్మ గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి తీస్తోంది, నేను చేసిన పని చెప్పాక నాతో మాట్లాడటం మానేసి మరీ తీస్తోంది. రెండూ కలిపితే మీటరున్నర ఉంటుంది. బాబీకి కూడా చెప్పాను. వాడు వెళ్ళి అన్ని తానులకీ చీటీలు గుచ్చుతున్నాడు.

ఆ పాల్ గారికి నేనే రాస్తాను, చిరునామా పంపు. నీకు ఎంత కోపం వచ్చినా అది నాకు రావలసిందే.

పెదనాన్న


నాగాయలంక
19 అక్టోబరు

పెదనాన్నగారికి,

ఉత్తరం చదివాను. పాల్ గారికి మీరేమీ రాయవద్దు.

తాను అయిపోయిందని ఒక్క ముక్క రాసి ఉంటే నేను మేక వెంట్రుకతోనైనా కట్టి, ఇదీ సంగతని చెప్పి పంపేదాన్ని. వారం రోజులు నా చేతుల్ని నేను తిట్టుకున్నాను. వంద సార్లు విప్పి కట్టాను, చూపుడు వేలు కోసుకుపోయి అన్నం కలుపుకోలేకపోయాను. ఆ వారం మీకు తిరిగి ఇచ్చేయాలని ఉంది. మీరు కాకపోతే ఇంకెవరైనా అయితే ముంచి చూసేదాన్ని. మీరు 'అదే' అన్నారు కాబట్టి చూడలేదు. అది నా తప్పు, అది కూడా మిమ్మల్నే అనాలని ఉంది.

ఇప్పుడింతకంటే రాయలేను.

సింధూరి


నాగాయలంక
31 అక్టోబరు

పెదనాన్నగారికి నమస్కారాలు.

తుఫాను దాటిపోయింది. రావమ్మ గారి ఇంటి మీది రేకులు రెండు ఎగిరి పక్కవాళ్ళ దొడ్లో పడ్డాయి. పడవకి ఏమీ కాలేదు. మూడు రోజులు కరెంటు లేక ఏమీ తోచక, మీరు తిరిగినట్టే నేనూ గదికీ గట్టుకీ తిరుగుతూ ఉన్నాను. తిరుగుతుంటే కోపం అరిగింది. మొత్తం పోలేదు.

మొదట మీరు పంపిన ఏడో నంబరు ముక్కతో నేను కట్టిన జిగ్ ఒకటి సత్యం గారి టోపీకి గుచ్చి ఉంది. దాన్ని తీసి బకెట్లో వేశాను. అలాగే విచ్చుకుంది. అంటే నా చెయ్యి బాగానే ఉంది. పాల్ గారు తొమ్మిదిన వస్తున్నారు. పదిహేడుకి ఇంకా టైముంది.

జూళ్ళు పార్సిల్లో వేయకండి. మీరే తీసుకురండి, ఏడో తేదీ శుక్రవారానికి. పామర్రులో బస్సు ఆగుతుంది, అక్కడ దిగిపోకండి, ఈ బస్సే నేరుగా వస్తుంది. కండక్టరుకి ఊరి పేరు కాగితం మీద రాసి చూపించండి. కొట్టు రెండు రోజులు బాబీ అన్నయ్య చూసుకుంటాడు.

నేను కట్టేటప్పుడు మీరు పక్కన కూర్చుని ప్రతి ముక్కా ముంచి ఇవ్వాలి. ఇది శిక్ష అనుకోండి.

సింధూరి


నాగాయలంక
11 నవంబరు

పెదనాన్నా,

ఆదివారం మీరు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు, ఆ తర్వాత జరిగింది చెబుతాను. పాల్ గారు నేను పట్టిన చేపని తూయించారు, ఆరున్నర కేజీలు. మన జిగ్ దాని నోట్లోంచి తీసి, నీళ్ళలో జాడించి, ఎండకి పట్టి చూశారు. ఈ బొచ్చు ఎక్కడిదని అడిగారు. అమ్మవారి సింహం జూలు అన్నాను. ఆయన జోకనుకుని నవ్వారు. జనవరి నుంచి మొదలుపెట్టమన్నారు. ఏడో నంబరుకి దీటైనది వెతకడం మీ పని. నేను నిన్న హైదరాబాద్‌కి ఇక రానని రాసేశాను. రాసి పంపాక గట్టు మీదికి వెళ్ళి కాసేపు ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

ఒక సంగతి అడగాలి. ఆదివారం పడవలో పాల్ గారు కర్ర నా చేతికిచ్చి, నువ్వు కట్టింది నువ్వే వేయమన్నారు కదా. చేప కొట్టి మడ చెట్ల వేళ్ళ వైపు లాగినప్పుడు నాకు కంగారు పుట్టి దారం బిగపట్టేశాను. మరో క్షణం ఉంటే తెగిపోయేది. అప్పుడు మీరు వెనక నుంచి "వదులమ్మా, తెగుతుంది" అన్నారు. నేను వదిలాను, చేప దానంతటదే బయటి నీళ్ళలోకి తిరిగింది. ఆ తర్వాత మీకేసి కూడా చూశాను.

ఇవాళ పొద్దున ఆ మాటే సత్యం గారితో అన్నాను. ఆయన, "పడవలో ఎవరూ ఏమీ అనలేదమ్మా, ఇంజను కూడా ఆపే ఉంది, అంటే నాకు వినపడదా" అంటున్నారు. పాల్ గారికి ఫోన్ చేసి అడిగాను, ఆయనా లేదన్నారు. నాకు మాత్రం మీ పాత గొంతే వినిపించింది, కొట్లో గుడ్డ చింపేటప్పుడు నన్ను అరిచేవారే, అది.

మీరు అన్నారా లేదా? ఉన్నది ఉన్నట్టు రాయండి.

సింధూరి


విజయవాడ
14 నవంబరు

అమ్మా సింధూరీ,

దారం అంత బిగిస్తే ఆగదని ఏ నేతవాడికైనా చూడగానే తెలుస్తుంది. లేచి నిలబడి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. సత్యం గారు చెప్పింది నిజమే, పడవలో చప్పుడేమీ లేదు.

నువ్వు వదిలావు. తిరిగి నావైపు చూశావు. అప్పుడు నేను కూర్చుండిపోయాను. నాకేదో అయిందని పాల్ గారు సీసాతో నీళ్ళిచ్చారు, గుర్తుందా.

మార్చి నుంచి ఇన్నాళ్ళకి నా మాట ఒకరు విన్నారమ్మా.

పెదనాన్న